గిలెరో మాస్టారి బాతులు

మోంతురెల్ ఊళ్లో అన్సెల్మ్ గిలెరో గారిని కొత్తవాళ్లకి పరిచయం చేసేటప్పుడు ఎవరైనా సరే, పేరు చెప్పి ఊపిరైనా తీసుకోకుండా ‘పారిస్ రెండో బహుమతి’ అని కలిపేసేవారు. అదీ ఆయన ఇంటిపేరులో ఒక ముక్క అన్నట్టు. రొట్టెల కొట్టావిడ అలాగే అనేది. చర్చి ఫాదరు అలాగే అనేవాడు. మాస్టారి గుమ్మం మీద ఇత్తడి పలకా అదే అనేది. మొత్తం ఫ్రాన్సులో ఒకే ఒక్కడు మన మాస్టారి కంటే బాగా పియానో వాయిస్తాడనీ, వాడు ఎక్కడో దూరంగా ఉంటాడనీ ఊరి నమ్మకం.

అసలు సంగతేమిటంటే, రాజధానిలోని పెద్ద సంగీత విద్యాలయంలో మొదటి బహుమతి ఒక్కడికే ఇవ్వరు. ఆ ఏడు పరీక్షలో పరీక్షకులకి నచ్చినవాళ్లందరికీ ఇస్తారు. మాస్టారు చదువు ముగించిన ఏడు చెయ్యి తిరిగిన కుర్రకారు మరీ ఎక్కువై, మొదటి బహుమతి వాళ్లే ఫొటోలో రెండు వరుసలుగా నిలబడాల్సి వచ్చింది. రెండో బహుమతి వాళ్లు వాళ్ల వెనక మూడో వరుసలో, టోపీల మధ్య నుంచి కనబడతారు. ఇందులో మాస్టారు దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం ఆయన దృష్టిలో మర్యాద కాదు.

ఆయన్ని పారిస్ దాకా తయారుచేసి పంపింది అదే ఊళ్లో పియానో పాఠాలు చెప్పిన క్లోతీల్డ్ దెరుసో. పెళ్లి చేసుకోలేదు కనుక తొంభై దాటాక కూడా ఊరంతా ఆవిణ్ని మద్మొజెల్ అనే పిలిచేది. మద్మొజెల్‌కి ఒక ప్రవర ఉండేది. తాను ఫలానా ఆయన శిష్యురాలు, ఆయన ఫలానా ఆయన శిష్యుడు, ఆ ఫలానా ఆయన చిన్నతనంలో ఒక మహానుభావుడి పక్కన నిలబడి పేజీలు తిప్పాడు. ఈ వృత్తిలో ఉన్న ప్రతివాళ్లకీ ఇలాంటి ప్రవర ఒకటుంటుంది, పెళ్లిపీటల మీద కూడా ఎవరూ అంత శ్రద్ధగా చెప్పుకోరు. దేశంలోని ప్రవరలన్నీ నిజమే అయితే, ఆ మహానుభావుడు రాసిందీ వాయించిందీ ఏమీ లేదు, జీవితమంతా పేజీలు తిప్పించుకుంటూనే గడిపాడు.

మద్మొజెల్ చేతికింద పడ్డ పిల్లవాడు మొదటి ఏడంతా పియానో ముట్టుకోకూడదు. బల్లమీద దరువేస్తూ స్వరాలు నోటితో చదవాలి. తర్వాత వేళ్లు. ఒక్కో వేలూ చిన్న సుత్తిలా పైకి లేచి పడాలి, భుజం మాత్రం తనకేమీ తెలియనట్టుండాలి. అన్నిటికంటే గొప్ప విద్య, ఎప్పుడూ చూడని కాగితాన్ని ముందు పెడితే ఆగకుండా, తడుముకోకుండా చదివి వాయించేయడం. ఆ ఇంట్లో అది పరువుకి సంబంధించిన విషయం. ముందుగా ఒకసారి చూసుకుని వాయించినవాణ్ని, పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసినవాణ్ని చూసినట్టు చూసేది మద్మొజెల్.

ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. పాట ముగిశాక ఒకే మాట అనేది: “మళ్లీ.” బ్రహ్మాండంగా వాయించినా “మళ్లీ,” చెడగొట్టినా “మళ్లీ.” చిన్న అన్సెల్మ్ ఆరేళ్లప్పటి నుంచి ఆవిడ నోట ‘బాగుంది’ అన్న మాట వినాలని కూర్చున్నాడు. పారిస్ వెళ్లేదాకా వినలేదు. రెండో బహుమతి పట్టుకుని ఆవిడ ఇంటికి పరిగెత్తుకొచ్చినప్పుడు ఆవిడ బహుమతి పత్రాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, “ఊఁ. కాఫీ తాగుతావా?” అంది.

తర్వాత ఆయన జీవితం పియానిస్టుల జీవితాలు సాధారణంగా ఎలా సాగుతాయో అలాగే సాగింది. పెద్ద పోటీలకి వెళ్లి మొదటి విడతలోనే ఇంటికొచ్చాడు. ఒక ఊటనీళ్ల ఊళ్లోని కాసినోలో వేసవంతా, కాలేయం బాగుచేసుకోవడానికి వచ్చిన పెద్దమనుషుల భోజనం అరగడానికి వాయించాడు. బాలే నేర్చుకునే పిల్లలకి “ఒకటీ రెండూ, మోకాలూ” అని అరిచే టీచరమ్మ పక్కన ఏళ్ల తరబడి దరువు వాయించాడు. చివరికి మద్మొజెల్ విశ్రాంతి తీసుకున్నాక, మునిసిపల్ సంగీత పాఠశాలలో ఆవిడ గదీ, ఆవిడ కుర్చీ ఆయనకి వచ్చాయి. గదికి ఒకవైపు ట్రోంబోను బాకా పాఠం, ఇంకోవైపు కత్తిసాము. ఆ గదిలోనే ఆయనకి జుట్టు నెరిసింది. అయినా “ప్రస్తుతానికి నేను వేదిక మీద లేను” అనేవాడు, సిగరెట్టు కాల్చుకోవడానికి ఇప్పుడే బయటికొచ్చినవాడిలా.

కొత్త సంవత్సరం రోజున చక్కెరపాకం పట్టిన చెస్ట్‌నట్ల డబ్బా పట్టుకుని మద్మొజెల్ ఇంటికి వెళ్లడం ఆయనకి అలవాటు. ఆవిడ మంచంలో దిండ్లకి ఆనుకుని, జనం నవలలు చదివినట్టు, కొత్తగా అచ్చయిన సంగీతం పుస్తకాలు చదువుతూ ఉండేది.

“ఏం వాయిస్తున్నావు, నాయనా?”

“సొనాటా మీద పని చేస్తున్నానండీ.”

“కిందటేడూ అదే అన్నావు.”

“పెద్ద సొనాటా అండీ.”

ఇదంతా ఇలాగే నడిచిపోయేది, ఆ ఏడు మే నెలలో బ్రెయో గారు పరిగెత్తుకు రాకపోతే. బ్రెయో ఊళ్లో మందుల షాపాయన, మునిసిపాలిటీలో సంస్కృతీ వ్యవహారాలు ఆయనవే. దగ్గుమందుకీ సంస్కృతికీ ఆయన ఒకే గొంతు వాడేవాడు.

“కొంప మునిగింది మాస్టారూ! శనివారం కచేరీకి పారిస్ నుంచి రావాల్సినాయన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.”

“అయ్యో! ఏ చెయ్యి?”

“ఏ చెయ్యయితే ఏంటండీ ఇప్పుడు!”

“కుడిదైతే ఫర్వాలేదు, ఒక్క ఎడమచేత్తో వాయించే రచనలు...”

“మాస్టారూ! మీరు వాయించాలి. హాలు నిండిపోయింది. పోస్టర్లు కూడా మార్చక్కర్లేదు, మీ పేరు కాగితమ్ముక్క మీద రాయించి బొమ్మలో ఆయన గడ్డం కింద అంటించేస్తాం.”

గడ్డం కిందైనా సరే, పోస్టరు పోస్టరే. మాస్టారు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని తిన్నగా మద్మొజెల్‌కి కబురు పంపాడు. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర బయటపడింది.

“ఆవిడకెందుకు చెప్పావు? బుద్ధుందా నీకు?” అంది భార్య యుగెట్. ఆవిడకి చర్చి వీధిలో ఉన్నిదారాల కొట్టుంది. నోరూ అల్లిక సూదీ రెండూ ఒకే వేగంతో నడుస్తాయి.

“ఈసారి కూడా ఆ మాట అనకపోతే ఇంకెప్పుడంటుంది యుగెట్? ఆవిడకి తొంభై దాటాయి.”

“ఏ మాట?”

“బాగుంది అని.”

యుగెట్ చెంచా కింద పెట్టింది. “ఆ మాట కోసమా ఇంత తిప్పలు? నేనంటాను విను. బాగుంది. చాలా బాగుంది. చాలదూ?”

“నువ్వు నా భార్యవి.”

“భార్యలకి చెవులుండవా?”

“ఉంటాయి. కానీ నీ గురువెవరు?”

“మా అత్తగారు,” అంది యుగెట్. “ముప్పయ్యేళ్లు విన్నాను, మంచి మాట ఒక్కటీ అనలేదు. నాకేం తక్కువైంది? సూప్ తిను.”

ఇక్కడ బాతుల సంగతి చెప్పాలి. జూన్ పరీక్షలకి ఒక్కో తరగతి పిల్లలందరూ ఒకే పాట వాయించాలి. ఆ పాట ఏదో ఏటా వసంతంలో పైనుంచి నిర్ణయమై వస్తుంది. ఆ ఏడు చిన్న తరగతికి వచ్చింది ‘వాన వెలిశాక బాతులు’ అన్న పాట. కాగితం వచ్చిన రోజున మాస్టారి గదిలో ఒక వేడుక ఉండేది. పిల్లలందర్నీ పియానో చుట్టూ నిలబెట్టి, తానూ అంతవరకూ చూడని ఆ కాగితాన్ని వాళ్ల ముందే విప్పి, ఆగకుండా వాయించి వినిపించేవాడు. మద్మొజెల్ ఇంటి విద్య ఇదీ అని చూపించడానికి. పిల్లలు నోరు తెరిచి చూసేవారు. కళ్లజోడు మాత్రం మాస్టారు జేబులోంచి తీసేవాడు కాదు. విద్య ప్రదర్శించేటప్పుడు కళ్లజోడేమిటి? కాగితం చూసి నేర్చుకోవడం కంటే మాస్టారి చేతులు చూసి నేర్చుకోవడం సుఖం గనక, పిల్లలందరూ ఆ రోజు ఆయన వాయించినట్టే నేర్చుకునేవారు.

కనుక ఆ మే నెలలో మోంతురెల్ ఊరంతా బాతులే. పియానో ఉన్న ప్రతి ఇంట్లోంచీ సాయంత్రం బాతులు. మాంసం కొట్టాయన బాతుల దరువుకే ఎముకలు కొట్టేవాడు. మాస్టారు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పాఠశాలలో బాతులు విని, ఇంటికొచ్చి శనివారం కచేరీకి ఆ మూడు భాగాల సొనాటా సాధన చేసేవాడు.

“మధ్యలో నెమ్మదిగా వచ్చే భాగముందే, అక్కడ ప్రతిసారీ తడబడుతున్నావు,” అంది యుగెట్ శుక్రవారం, అల్లిక లోంచి తల ఎత్తకుండా.

“అది తడబాటు కాదు. భావం.”

“అయితే ఆ భావం దగ్గర జాగ్రత్త.”

శనివారం సాయంత్రం మునిసిపల్ హాలు కిటకిటలాడింది. ఊళ్లో సగం మంది పిల్లలకి పాఠాలు చెప్పినాయన ఆ వేదిక మీద మొదటిసారి వాయిస్తుంటే రాకుండా ఎవరుంటారు? ముందు వరుసలో చిన్న తరగతి పిల్లలు, తెల్ల మేజోళ్లతో. మూడో వరుస చివర మద్మొజెల్, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి.

మొదటి భాగం బాగానే గడిచింది. వేళ్లు సుత్తుల్లా పడ్డాయి, భుజాలకి ఏమీ తెలియలేదు. మాస్టారికి ధైర్యం వచ్చింది. నెమ్మది భాగం మొదలైంది. ఆ భాగంలో ఒకచోట మూడు స్వరాలు మెల్లగా కిందికి దిగుతాయి, అక్కణ్నించి సొనాటా చీకట్లోకి వెళ్తుంది. అవే మూడు స్వరాలు, అవే పియానో మెట్ల మీద, బాతులు చెరువులోకి దిగేటప్పుడు కూడా వస్తాయి. సొనాటాలో ఆ మూడు మెట్లూ మాస్టారి వేళ్లు వారం నుంచీ దిగుతున్నాయి. బాతుల్లో నెలల నుంచీ దిగుతున్నాయి. వేళ్లు ఒక్క క్షణం ఆగి, బాగా తెలిసిన దారినే పోయాయి.

హాల్లో ముందుగా పట్టుకున్నది బ్రెయో గారి మనవరాలు ఒంబెలిన్. ఏడేళ్ల పిల్ల కుర్చీలో లేచి నిలబడి, “మన బాతులు!” అని కేకేసింది.

మాస్టారు విన్నాడు. ఆపుదామంటే ఎక్కడ ఆపాలి? మద్మొజెల్ ఇంట్లో మధ్యలో ఆపడమన్నది చావు కంటే హీనం. చెరువు మధ్యలో ఉన్నవాడు వెనక్కి ఈదినా ముందుకి ఈదినా ఒకటే అనుకుని, బాతులతోబాటు అవతలి ఒడ్డుకే పోదామనుకున్నాడు. అప్పటికే హాలు ఆయనతోబాటు ఈదుతోంది. తల్లులు ఒళ్లో చేతిసంచీల మీద వేళ్లతో వాయిస్తున్నారు. పిల్లల తెల్ల మేజోళ్లు దరువేస్తున్నాయి. నెలల తరబడి గోడ అవతల నుంచి ఈ పాటని తిట్టుకున్న మాంసం కొట్టాయన, ఇది ఒక్క పొరపాటూ లేకుండా చివరిదాకా వెళ్లగలదని మొదటిసారి తెలుసుకుని కళ్లు తుడుచుకున్నాడు. బాతులు ఒడ్డెక్కి రెక్కలు దులుపుకోగానే హాలు పైకప్పు లేచిపోయేలా చప్పట్లు. మాస్టారు లేచి వంగి నమస్కరించి, మళ్లీ కూర్చుని, ఏమీ జరగనట్టు సొనాటా చివరి భాగం వాయించేశాడు. దానికి వచ్చిన చప్పట్లు మర్యాదకి వచ్చినవి.

కచేరీ అయ్యాక జనం వేదిక మీదికి వచ్చేశారు.

“సొనాటాలో ఆ బాతుల భాగం అద్భుతమండీ!” అన్నాడు బ్రెయో. “పాత రచనే అయినా మన ఊరి కోసం రాసినట్టుంది.”

“కావాలనే కలిపారు కదా మాస్టారూ?” అందొక తల్లి. “పిల్లల మీద ఎంత ప్రేమ!”

మాస్టారు అవుననలేదు, కాదనలేదు. ఆయన చూపు జనం మీద లేదు. జనం రెండుగా విడి దారిస్తుంటే, చేతికర్ర టకటకలాడించుకుంటూ వస్తున్న మద్మొజెల్ మీద ఉంది. ఆవిడ పియానో దగ్గరికొచ్చి నిలబడింది. మాస్టారు ఆరేళ్లవాడిలా లేచి నిలబడ్డాడు.

“ఆ బాతుల పాట నీకెవరు నేర్పారు?” అంది మద్మొజెల్.

“ఎవరూ నేర్పలేదండీ. చూసీ చూడగానే చదివేశాను, మీరు నేర్పినట్టే.”

“చూసీ చూడగానేనా? చూడకుండానా?”

“అంటే...”

“నేను ఫిబ్రవరిలోనే చదివాను దాన్ని, మంచంలో. బాతులు గట్టెక్కే చోట నువ్వు నల్ల మెట్టు నొక్కావు. అక్కడ రాసింది తెల్ల మెట్టు.”

“కాదండీ. నల్లదే. పిల్లలందరూ అలాగే వాయిస్తారు. ఏ ఇంట్లో విన్నా అదే.”

“ఊరంతా ఒకే తప్పు వాయిస్తోందంటే, నాయనా,” అంది మద్మొజెల్ ఏ మాత్రం గొంతు పెంచకుండా, “ఊరంతటికీ నేర్పినవాడు ఒక్కడే.”

చుట్టూ నిలబడ్డవాళ్లు ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. మద్మొజెల్ తన కళ్లజోడు తీసి మాస్టారికిచ్చింది. “పెట్టుకో. కూర్చో. మళ్లీ.”

ఎవరో పిల్ల సంచీలోంచి బాతుల కాగితం తీసి ఎదురుగా పెట్టింది. ఆవిడ కళ్లజోడులోంచి చూస్తే స్వరాలు గుమ్మడికాయలంతున్నాయి. తెల్ల మెట్టే. మాస్టారు ఆ ముక్క ఉన్నది ఉన్నట్టు వాయించాడు. ఆయన చెవికే అది ఎబ్బెట్టుగా ఉంది. వేదిక మెట్ల మీద కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు:

“తప్పు మాస్టారూ!”

ఆ క్షణాన మాస్టారికి ఊరొదిలి పారిపోవాలనిపించింది. కానీ పిల్లలు జవాబు కోసం చూస్తున్నారు. అందరి ముందూ, అంత గొప్ప చప్పట్లు అందుకున్న పావుగంటలోపే, “ఇది తప్పు కాదు. ఇన్నాళ్లూ మీకు నేర్పింది తప్పు. నేను కళ్లజోడు పెట్టుకోలేదు,” అనాల్సి వచ్చింది.

“ఎందుకు పెట్టుకోలేదు?” అంది ఒంబెలిన్.

“గొప్ప కోసం.”

“ఓహో,” అంది ఆ పిల్ల, అదేదో మామూలు కారణమే అన్నట్టు. బెంచీ మీద ఆయన పక్కన ఎక్కి కూర్చుని, కాగితం కళ్లకి దగ్గరగా లాక్కుని, ఆ ముక్క వాయించింది. తెల్ల మెట్టు దగ్గరికి వచ్చేసరికి తడబడకుండా, మెత్తగా, గట్టుమీద పాదం మోపినట్టు నొక్కింది.

“బాగుంది,” అంది మద్మొజెల్.

మాస్టారు ఆ మాట తనకేనేమోనని తలెత్తి చూశాడు. కాదు. ఆవిడ చూపు ఆ పిల్ల చేతుల మీదే ఉంది. తాను యాభయ్యేళ్లు కాచుకున్న మాటని, కాళ్లు నేలకి అందని పిల్ల ఒక్క వరుసలో కొట్టేసింది.

అంతలో ఒంబెలిన్ భోరుమంది.

“పిల్లని ఏమన్నారండీ?” అని బ్రెయో ముందుకొచ్చాడు. చిన్నబుచ్చుకోవడం ఆయన తప్పు కాదు. మోంతురెల్ పాఠశాలలో పరీక్షకి వచ్చిన ప్రతి పిల్లకీ ‘చాలా బాగుంది’ ఇస్తారు, కాస్త మంచి పిల్లలకి ‘ఏకగ్రీవంగా చాలా బాగుంది’, ఇంకాస్త పైన పరీక్షకుల అభినందనలు కూడా. ఊరికే ‘బాగుంది’ అన్నది, జ్వరంతో వచ్చి మధ్యలో వాంతి చేసుకుని వెళ్లిపోయిన కుర్రాడికి ఒకసారి ఇచ్చారు.

“నాకు... ఊరికే... బాగుందే వచ్చింది తాతా!” అని ఎక్కిళ్లు పెడుతోంది ఒంబెలిన్.

మాస్టారు మద్మొజెల్ కళ్లజోడు ముక్కు మీద ఉండగానే ఆ పిల్ల వైపు వంగాడు. “తల్లీ, ఆ మాట నీకు అక్కర్లేకపోతే నాకిచ్చెయ్.”

పిల్ల ముక్కు తుడుచుకుని ఆలోచించింది. “మీకెందుకు?”

“నాకు లేదమ్మా.”

“ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా.”

పిల్ల ఆయన్ని జాలిగా చూసింది. ఆలోచించి, “అయితే నాకే ఉండనివ్వండి,” అంది.

జూన్ నెల వచ్చేసరికి మాస్టారు పిల్లల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి బాతుల్ని తెల్ల మెట్టు మీదికి ఎక్కించడానికి నానా పాట్లూ పడ్డాడు. కొందరు ఎక్కారు, కొందరు నల్లదాని మీదే ఉండిపోయారు. పొరుగూళ్ల నుంచి వచ్చిన పరీక్షకులు దూడమాంసం కూరా, మూడు రకాల జున్నూ, ఎర్ర వైనూ పుచ్చుకుని వచ్చి మధ్యాహ్నం కూర్చున్నారు. నల్లదానికీ తెల్లదానికీ ఒకటే తీర్పు, ఏకగ్రీవంగా చాలా బాగుంది. ఆ తీర్పు చదువుతుంటే మాస్టారు, తాను కూడా ఎన్నో ఊళ్లలో అదే జున్ను తిని అదే కుర్చీలో కూర్చున్న సంగతి గుర్తొచ్చి, చెవులు ఎర్రబడి కిటికీ లోంచి బయటికి చూశాడు.

మద్మొజెల్ మాత్రం కచేరీ రోజునే తేల్చేసింది, “గురువారం నాలుగింటికి రా,” అని. మాస్టారు వెళ్లాడు. ఆ తర్వాతి గురువారమూ వెళ్లాడు. ఊళ్లో వాళ్లు ఆవిడకి ఒంట్లో బాగాలేక చూడ్డానికి వెళ్తున్నాడనుకున్నారు. ఆయన వెళ్లేది పాఠానికి. ‘పారిస్ రెండో బహుమతి’ కొత్త కళ్లజోడు పెట్టుకుని, పిల్లల పాటలు మొదటి వరుస నుంచి వాయించేవాడు. ఆవిడ దిండ్ల మీద నుంచి “మళ్లీ” అనేది.

చలికాలం మొదట్లో ఒక గురువారం ఆయన ఇంటికి వచ్చిన తీరు చూసి యుగెట్ అల్లిక ఆపింది. కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు.

“అందా?” అంది యుగెట్.

“లేదు.”

“మరి ఆ మొహమేంటి?”

“‘ఫర్వాలేదు’ అంది.”

“అంతేనా?”

“అంతేనా ఏంటి యుగెట్! ఆవిడ ఊరికే అనలేదు. విను, ‘ఫర్వాలేదు’ అని చివర కొంచెం కిందికి దింపింది. కాదు కాదు, ‘ఫర్వా’ దగ్గర కాస్త ఆగి...” అంటూ ఆ మాటని ఆవిడ ఏ స్వరంలో అందో రకరకాలుగా అని చూపించడం మొదలుపెట్టాడు. ఒకసారి విన్న స్వరాన్ని సరిగ్గా పట్టుకోవాలి గదా. యుగెట్ సూప్ గిన్నె మీద మూత పెట్టి, అల్లిక మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“రెండోసారి అన్నావే, అలా అని ఉంటుంది,” అంది చివరికి. “మళ్లీ అను.”